లైవ్ రాక్‌లోంచి ఏదో బయటికొచ్చింది, ఇప్పుడేం చేయాలి?

రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఫోటో వస్తుంది. మసగ్గా ఉంటుంది, మొత్తం నీలం లైటే, మధ్యలో ఒక రాయి, రాతి కన్నంలోంచి రెండు కళ్ళు. కింద ఒకటే ప్రశ్న, "అన్నా ఇదేంటి, చంపేయాలా?" ఇక్కడ డల్లాస్ చుట్టుపక్కల నాకు తెలిసిన మనవాళ్ళు కొంతమంది రీఫ్ ట్యాంకులు (కోరల్స్, అంటే పగడాలు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలు) పెట్టారు, ఫ్లోరిడా నుంచి లైవ్ రాక్ (సముద్రంలో ఉండి జీవాలు పట్టిన రాయి) తెప్పించుకున్న వాళ్ళందరూ మొదటి నెలలోనే ఇలాంటి ఫోటో పంపారు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఒక్కసారి వరసగా రాసేస్తున్నా, పక్కన పెట్టుకుని ఒక్కో స్టెప్ చేసుకుంటూ పోండి.

రాతితోనో కోరల్‌తోనో చెప్పాపెట్టకుండా వచ్చే జీవాల్ని హిచ్‌హైకర్లు అంటాం. చాలావరకు మంచివే, మిగిలిపోయిన మేత, చచ్చినవీ కుళ్ళినవీ తిని ట్యాంక్‌ని శుభ్రంగా ఉంచేవి. కొన్ని మాత్రం నత్తల్ని, చేపల్ని, కోరల్స్‌ని తినేస్తాయి. ఏది ఏదో తెలియకుండా చంపేయడం తప్పు, తెలియకుండా మెయిన్ ట్యాంక్‌లో వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. పక్క డబ్బాలో పెట్టండి, రెండు రోజులు చూడండి, అప్పుడు తేల్చుకోండి. కింద రాసినదంతా ఈ ఒక్క పద్ధతి మీదే నడుస్తుంది.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలు షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులికి ఉన్నంత రక్షణ. విశాఖ బీచ్‌లో దొరికిందనో, రామేశ్వరం నుంచి ఎవరో తెచ్చిచ్చారనో పగడపు రాయి ఇంటికి తెచ్చుకోకండి. మామూలు డ్రై రాక్‌తో (జీవాలేవీ లేని ఎండు రాయితో) మొదలుపెట్టండి, హిచ్‌హైకర్ల బెడద కూడా బాగా తగ్గుతుంది.

కావలసినవి

5 గ్యాలన్ల బకెట్లు రెండు (ఇదివరకు సబ్బు, ఫినాయిల్ తగలనివి), ఓ 10 గ్యాలన్ల చిన్న ట్యాంక్ లేదా పెద్ద ప్లాస్టిక్ టబ్, దానికి హీటర్, చిన్న పంప్.
ఉప్పు మిక్స్, రిఫ్రాక్టోమీటర్ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపేది), అమోనియా టెస్ట్ కిట్.
నైట్రైల్ గ్లవ్స్, కళ్ళకి సేఫ్టీ గ్లాసెస్. ఈ రెండూ లేకపోతే పని మొదలుపెట్టొద్దు.
ఎర్ర లైట్ టార్చ్. లేకపోతే మామూలు టార్చ్‌కి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండ్ పెట్టండి, సరిపోతుంది.
పొడుగు ఫోర్సెప్స్, టర్కీ బేస్టర్ (నీళ్ళు పీల్చి గట్టిగా కొట్టే రబ్బరు బుడ్డి గొట్టం), సూది లేని సిరంజి, జెల్ సూపర్ గ్లూ, భూతద్దం.
తెల్లటి వెడల్పు గిన్నె ఒకటి, మూతున్న పారదర్శకమైన డబ్బాలు మూడు నాలుగు. కూరలు పార్సిల్ వచ్చే డబ్బాలు బాగా కడిగినా పర్లేదు.
ఏమీ కలపని ప్లెయిన్ సోడా ఒక సీసా.

స్టెప్ 1: రాయి రాకముందే నీళ్ళు రెడీగా ఉండాలి

క్వారంటైన్ టబ్‌లో ఉప్పునీళ్ళు రిఫ్రాక్టోమీటర్‌లో స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దగ్గర, 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ముందు రోజే తిప్పుతూ ఉంచండి. ఒక బకెట్‌లో అవే నీళ్ళు, రెండో బకెట్‌లో ఉప్పు ఎక్కువ వేసి 1.035 నుంచి 1.040 మధ్యకి తెచ్చిన నీళ్ళు. బాక్స్ గుమ్మం ముందుకొచ్చాక ఉప్పు కలపడం మొదలుపెడితే అది కరిగేలోపు రాతి మీద సగం జీవాలు చస్తాయి, వాటి వల్ల అమోనియా పెరిగి మిగతా సగం చస్తాయి.

స్టెప్ 2: బాక్స్ విప్పేటప్పుడు అడుగు చూడండి

అందరూ రాయి తీసుకుని బాక్స్ పారేస్తారు. అసలు సరుకు అడుగునే ఉంటుంది, తడి కాగితాల మడతల్లో, సంచిలో మిగిలిన నీళ్ళలో. ఆ నీళ్ళు తెల్ల గిన్నెలోకి వంపి చూడండి, చిన్న పీతలు, పెళుసు చేతుల బ్రిటిల్ స్టార్లు, పురుగులు కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ ఒక్కో డబ్బాలో వేయండి. అన్నీ ఒకే డబ్బాలో వేస్తే పొద్దున్నకి ఒక్కటే మిగులుతుంది.

రాతి మీద బొత్తాల్లాంటి జోవాంథిడ్లు, పాలిథోవాలు (మెత్తటి పగడాల్లాంటి జీవాలు) ఉంటే చాలా జాగ్రత్త. వాటిల్లో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. రాయిని ఎప్పుడూ, ఏ కారణంతోనూ, మరిగించొద్దు. వేడి నీళ్ళు పోయొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, ప్రెషర్ వాషర్ కొట్టొద్దు, బ్రష్‌తో తోమి తుంపర లేపొద్దు. "పురుగులన్నీ చస్తాయి కదా అని ఉడకబెట్టేశా" అని చెప్పినవాళ్ళు ఉన్నారు, వినగానే నాకు గుండె ఆగినంత పనవుతుంది. 2018లో ఇంగ్లాండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒకాయన ఇంట్లో ట్యాంక్‌లోని కోరల్ శుభ్రం చేస్తే ఆ విషం గాల్లోకి లేచి ఇంటిల్లిపాదీ, సాయానికి వచ్చిన అత్యవసర సిబ్బందీ ఆసుపత్రి పాలయ్యారు. పని చేశాక నోట్లో లోహం రుచి, ఒళ్ళు నొప్పులు, ఊపిరి ఆడకపోవడం లాంటివి వస్తే ఇంట్లో అందరూ బయటికొచ్చేసి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి, పాలిటాక్సిన్ అన్న మాట డాక్టర్‌కి మీరే చెప్పండి.

స్టెప్ 3: ఉప్పు ఎక్కువ నీళ్ళలో ముంచడం

ఇది కోరల్ లేని రాళ్ళకి మాత్రమే. గ్లవ్స్ వేసుకుని రాయిని ఎక్కువ ఉప్పు బకెట్‌లో ముంచి మెల్లగా అటూ ఇటూ ఆడించండి, రెండు నిమిషాలు, మహా అయితే మూడు. కన్నాల్లో దాక్కున్న పీతలు, మాంటిస్ ష్రింప్‌లు (రొయ్యల్లాంటి వేటాడే జీవాలు), పురుగులు తట్టుకోలేక బయటికొస్తాయి. రాయి తీసి క్వారంటైన్‌లో పెట్టేసి, బకెట్ నీళ్ళని జల్లెడలో వంపి, పడినవాటిని వెంటనే మామూలు ఉప్పునీళ్ళలో వేయండి. ఆలస్యం చేస్తే మంచివీ చచ్చిపోతాయి.

రాతి మీద స్పాంజీలు, ట్యూనికేట్లు (నీళ్ళు వడగట్టుకుని తినే సంచుల్లాంటి జీవాలు) దండిగా ఉంటే ఈ స్టెప్ వదిలేయండి, అవి ఈ ఉప్పు తట్టుకోలేవు, స్పాంజీలకైతే గాలి తగిలినా ప్రమాదమే. అప్పుడు కాస్త ఓపిగ్గా ఉచ్చులతో పట్టుకోవాలి, స్టెప్ 6లో చెప్తా.

స్టెప్ 4: క్వారంటైన్, 4 నుంచి 6 వారాలు

లైట్ తక్కువ, నీటి ప్రవాహం ఎక్కువ. మొదటి వారం రోజూ అమోనియా చూడండి, కనిపిస్తే నీళ్ళు మార్చండి. చేపలున్న ట్యాంక్ నుంచి వచ్చిన రాయైతే ఇక్ లాంటి పరాన్నజీవి కూడా వెంట రావచ్చు, ఆ భయం ఉన్నవాళ్ళు చేపల్లేకుండా 76 రోజులు ఉంచుతారు. క్వారంటైన్‌లో కాపర్ మందు వేయొద్దు, రాయి కాపర్ పీల్చుకుంటే ఆ రాయి ఇక రీఫ్‌కి పనికిరాదు.

స్టెప్ 5: రాత్రి కాపలా

లైట్లు ఆరిన రెండు గంటల తర్వాత ఎర్ర టార్చ్‌తో చూడండి. వీటిల్లో చాలావాటికి ఎరుపు సరిగ్గా కనపడదు, అందుకే పారిపోవు. చిన్న రొయ్య ముక్క ఒకటి రాతి పక్కన పెట్టి కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చోండి. పగలు నెల రోజులు చూసినా తెలియనిది ఆ ఇరవై నిమిషాల్లో తెలుస్తుంది.

చెవులు కూడా పెట్టండి. నా మొదటి గల్ఫ్ రాయి (గల్ఫ్ ఆఫ్ మెక్సికోది) వచ్చినప్పుడు తొందరపడి వారానికే మెయిన్ ట్యాంక్‌లో పెట్టేశా. మూడో రాత్రి వంటింట్లో నీళ్ళు తాగుతుంటే హాల్లోంచి టిక్... టిక్ టిక్... అని శబ్దం, హీటర్ ఏమో అనుకున్నా. వారం తర్వాత ఇసుక మీద నత్త గుల్లలు కనపడ్డాయి, ఒక్కోదానికి అంచు దగ్గర పెళ్ళ ఊడిపోయి ఉంది, ఎవరో చిన్న సుత్తితో కొట్టినట్టు. ఆ రాత్రి ఎర్ర లైట్ వేసి కూర్చుంటే రెండు అంగుళాల ఆకుపచ్చ జీవి, కన్నం గడప దగ్గర నిలబడి, కాడల మీద కళ్ళు ఒకటి ఇటు ఒకటి అటు తిప్పుతూ నన్నే చూస్తోంది. మాంటిస్ ష్రింప్. ఎనిమిది నత్తలు, రెండు హెర్మిట్ క్రాబ్‌లు అప్పటికే పోయాయి. నాలుగు వారాలు ఆగుంటే అవి బతికేవి, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

టిక్ శబ్దం రాగానే మాంటిస్ అని తేల్చేయొద్దు కూడా. పిస్టల్ ష్రింప్ కూడా అలాగే చప్పుడు చేస్తుంది. దానికి ఒక డెక్క పెద్దగా, ఒకటి చిన్నగా ఉంటుంది. మాంటిస్‌కి డెక్కలుండవు, గొల్లభామ లాగా ముందు కాళ్ళు మడిచి పెట్టుకుంటుంది. నత్త గుల్లలు పగులుతున్నాయా లేదా అన్నది కూడా చూడండి.

స్టెప్ 6: గుర్తుపట్టడం, దానికి తగ్గట్టు ఏం చేయాలో

ఉంచేయాల్సినవి. గాజు మీద తెల్ల చుక్కల్లా పాకే కోపిపాడ్లు, చిన్న రొయ్యపొట్టులా ఎగిరే యాంఫిపాడ్లు, రాతి కన్నంలోంచి సేమ్యా లాంటి పొడుగు పోగులు చాపే స్పగెట్టి వర్మ్, చెవి ఆకారంలో పల్చటి గుల్ల ఉండే స్టొమాటెల్లా నత్త, ఎనిమిది పలకల కవచం ఉన్న కైటన్. ఇవి దొరికితే సంతోషించండి, వాటిని డబ్బులిచ్చి కొనుక్కునేవాళ్ళున్నారు.

బ్రిసిల్ వర్మ్. అందరూ భయపడేది, అందరూ అన్యాయంగా చంపేసేది ఇదే. గులాబీ, నారింజ కలిసిన రంగు, పక్కలంతా తెల్ల నూగు. పొద్దున్న చచ్చిన చేప మీద ఇవి మూగి ఉంటే ఇవే చంపాయి అనుకుంటారు. చేప వేరే కారణంతో పోయి ఉంటుంది, ఇవి శుభ్రం చేస్తున్నాయి అంతే. ఎక్కువైపోయాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం, తగ్గించండి. చేత్తో మాత్రం తాకొద్దు, గొంగళి పురుగు నూగు కంటే ఎక్కువ మంట. గుచ్చుకుంటే ఆ చోట టేప్ అంటించి లాగేయండి, తర్వాత వెనిగర్ రాయండి. దీన్ని పోలిన ఫైర్‌వర్మ్ మాత్రం తీసేయాల్సిందే: లావుగా ఉంటుంది, నూగు గుబురుగా ఉంటుంది, ఆ గుబుర్ల పక్కన ఎర్రటి మొప్పల కుచ్చులు, తల మీద కండ లాంటి ఉబ్బు, పగలే కోరల్ కొసల మీదికెక్కి తింటూ దొరుకుతుంది.

యూనిసిడ్, బాబిట్ పురుగులు. తల మీద అయిదు మీసాలు, ఒంటి మీద నెమలి కంఠం లాంటి మెరుపు. అయిదు మీసాలున్నవన్నీ బాబిట్ కావు, చిన్నవి చాలావరకు నాచు తిని బతికేవే. కానీ పెరిగితే తంటా. 2009లో ఇంగ్లాండ్‌లో న్యూక్వేలో ఉన్న అక్వేరియంలో కోరల్స్ ముక్కలైపోతుంటే ఏంటో తెలియక ట్యాంక్ మొత్తం రాయి రాయీ విప్పితే నాలుగడుగుల పురుగు బయటపడింది, దానికి బ్యారీ అని పేరు కూడా పెట్టారు. ఫోర్సెప్స్‌తో పట్టి లాగితే తెగిపోతుంది, లోపల మిగిలిన భాగం మళ్ళీ పెరుగుతుంది. లాగకండి. రాయి మొత్తం తీసి పంప్ లేని బకెట్‌లో కొన్ని గంటలు పెడితే ఆక్సిజన్ తగ్గి అదే బయటికి పాకుతుంది, అప్పుడు పట్టుకోండి.

పీతలు. డెక్క కొసలు చూడండి. చెంచాల్లా గుండ్రంగా ఉంటే నాచు తినే రకం, ఎమరాల్డ్ క్రాబ్ లాంటిది. సూదిగా ఉండి, కొస నల్లగా, ఒళ్ళంతా వెంట్రుకలుంటే గొరిల్లా క్రాబ్ లాంటిది, తీసేయండి. పట్టుకోవడానికి గాజు గ్లాసు చాలు: లోపల రొయ్య ముక్క వేసి, మూతి రాతికి ఆనేలా ఏటవాలుగా పెట్టండి, రాత్రి రాతి మీదినుంచి లోపలికి దిగుతుంది, నున్నటి గాజు మీద ఎక్కలేదు. ఇంకో ఉపాయం నీళ్ళ బాటిల్ మెడ కోసి తలకిందులుగా లోపలికి దూర్చడం, మన కాలవల్లో చేపలకి పెట్టే మావు లాంటిదే, లోపలికి దారి ఉంటుంది, బయటికి దొరకదు. మొదటి రాత్రే పడకపోతే నిరాశపడొద్దు, ఆ చోటే నాలుగు రాత్రులు పెట్టండి, ఎర మాత్రం రోజూ మార్చండి.

మాంటిస్ ష్రింప్. ఏ కన్నంలో ఉంటుందో రాత్రి చూసి గుర్తు పెట్టుకోండి. పొద్దున్న ఆ రాయిని బయటికి తీసి, మామూలు ఉప్పునీళ్ళ బకెట్ మీద కన్నం కిందికి ఉండేలా పట్టుకుని, బేస్టర్‌తో ప్లెయిన్ సోడా కన్నంలోకి కొట్టండి. నా దానికి రెండు సార్లు కొట్టగానే బుడుంగున బకెట్‌లో పడింది. వెంటనే రాయిని ఉప్పునీళ్ళలో కడిగి లోపల పెట్టేయండి, సోడా ట్యాంక్ లోపల వాడొద్దు. దాన్ని చేత్తో పట్టుకోవద్దు. పీకాక్ మాంటిస్ దెబ్బ వేగం సెకనుకి 23 మీటర్ల దాకా ఉంటుందని 2004లో కొలిచారు, గల్ఫ్ రాళ్ళలో వచ్చేవి చిన్నవే అయినా వేలు చీలుతుంది. చంపక్కర్లేదండీ, చిన్న ట్యాంక్‌లో ఒక్కదాన్నే పెట్టి చూడండి, అంత తెలివైన జీవి ఇంకోటి దొరకదు. నాది నాలుగేళ్ళు బతికింది, మేత వేసే మనిషిని దూరం నుంచే గుర్తుపట్టేది.

ఐప్టేసియా. గోధుమ రంగు చిన్న తాటిచెట్టు లాంటి ఎనిమోన్. గీకొద్దు, కోయొద్దు, చిన్న ముక్క మిగిలినా కొత్తది లేస్తుంది, ఒకటి పది అవుతుంది. పంపులు ఆపి, కాల్‌క్‌వాసర్ పొడి రవ్వంత నీళ్ళతో తమలపాకు సున్నంలా కలిపి సిరంజితో దాని నోటి మీద, మొదలు దాకా కప్పేయండి. రసాయనంగా అది సున్నమే, కానీ కిళ్ళీ కొట్టు డబ్బా తెచ్చి వాడకండి, అందులో ఏమేం కలుస్తాయో తెలియదు. పావుగంట తర్వాత పంపులు వేయండి. రోజుకి మూడు నాలుగుకి మించి చేస్తే పీహెచ్ ఎగురుతుంది. ఎక్కువగా ఉంటే పెప్పర్‌మింట్ ష్రింప్ వేయండి, కొనేటప్పుడు మాత్రం క్యామెల్‌బ్యాక్ ష్రింప్ అంటగట్టకుండా చూసుకోండి, అది వీపు గూనిగా ఉండి కోరల్ పాలిప్స్ తింటుంది. బెర్గియా అనే గుల్ల లేని నత్త ఐప్టేసియా తప్ప ఇంకేం తినదు, నెమ్మది కానీ గట్టి పని చేస్తుంది.

చిన్నా చితకా. రాతికి అతుక్కున్న గట్టి గొట్టం, దాన్నుంచి సాలెగూడు లాంటి జిగురు పోగు వస్తుంటే వర్మెటిడ్ నత్త, గొట్టం మూతి మీద సూపర్ గ్లూ చుక్క వేసి మూసేయండి. మీ నత్తల గుల్ల అంచున తెల్ల నూకల్లాంటివి ఉంటే పిరమిడెల్లిడ్‌లు, టూత్‌బ్రష్‌తో తుడిచేయండి, రాత్రిళ్ళు చూసి మళ్ళీ తుడవండి. ఆస్టెరినా అనే చిన్న నక్షత్రాలు చాలావరకు ఏమీ చేయవు, జోవాంథిడ్ల మీదే కూర్చుంటుంటే మాత్రం ఏరేయండి. తుప్పు రంగు, తోక చీలిన ఫ్లాట్‌వర్మ్‌లు వందల్లో ఉంటే మందు వేసే ముందు సన్న గొట్టంతో వీలైనన్ని లాగేయండి. చచ్చేటప్పుడు అవి విషం వదులుతాయి, వేలకొద్దీ ఒకేసారి చస్తే చేపలూ పోతాయి. యాక్టివేటెడ్ కార్బన్, మార్చడానికి నీళ్ళు చేతిలో పెట్టుకునే మందు వేయండి.

స్టెప్ 7: కోరల్ ఫ్రాగ్‌లకి డిప్

కొత్త ఫ్రాగ్‌ని (పెద్ద కోరల్ నుంచి విరిచిన చిన్న ముక్కని) అది అతికించి వచ్చిన ప్లగ్‌తో, అంటే చిన్న దిమ్మతో సహా లోపల పెట్టొద్దు. పురుగుల గుడ్లు సగం ఆ ప్లగ్ అడుగునే ఉంటాయి, కోసి పారేసి కొత్త ప్లగ్‌కి అతికించండి. డిప్ మందు (కోరల్‌ని కాసేపు ముంచి పురుగుల్ని రాల్చే మందు) సీసా మీద రాసిన కొలత, రాసిన నిమిషాలు, అంతే, ఇంకో అయిదు నిమిషాలు ఉంచితే ఇంకా మంచిది అనుకోవద్దు. మునిగి ఉన్నప్పుడు బేస్టర్‌తో అన్ని వైపులా గట్టిగా ఊదండి, ఆ నీళ్ళు తెల్ల గిన్నెలో వంపి భూతద్దంతో చూడండి. ఆక్రోపోరా అనే కోరల్‌ని తినే ఫ్లాట్‌వర్మ్‌లు కోరల్ మీద ఉంటే కంటికి ఆనవు, అదే రంగులో కలిసిపోతాయి, తెల్ల గిన్నెలో పడ్డాకే తెలుస్తాయి. మాంటిపోరా అనే కోరల్ మీద చిన్న తెల్ల కుచ్చుల పురుగుల్లా ఉంటే అవి న్యూడిబ్రాంక్‌లు, కోరల్ తినే గుల్ల లేని నత్తలు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకసారి ముంచి అయిపోయింది అనుకోవడం. డిప్ గుడ్లని చంపదు. 5 నుంచి 7 రోజులకోసారి, కనీసం నాలుగు సార్లు చేయండి, కనిపించిన గుడ్లని బ్లేడుతో గీకేయండి.

స్టెప్ 8: నిజంగా పోయిందా లేదా చూసుకోవడం

పట్టుకున్న రోజు నత్తల్ని లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి, వారం తర్వాత మళ్ళీ లెక్కపెట్టండి. వరసగా మూడు రాత్రులు రొయ్య ముక్క పరీక్ష చేయండి, ఎవరెవరు వస్తున్నారో చూడండి. మాంటిస్‌లు, గొరిల్లా పీతలు ఒక రాతిలో ఒకటే ఉండాలని లేదు, ఒకటి దొరికాక ఇంకో రెండు వారాలు ఉచ్చు తీయొద్దు. ఐప్టేసియా మీద కాల్‌క్‌వాసర్ పెట్టిన చోట పది రోజుల తర్వాత భూతద్దంతో వెతకండి. చివరి డిప్‌లో గిన్నె నీళ్ళు ఖాళీగా ఉండాలి, ఒక్కటి కనపడినా లెక్క మళ్ళీ మొదటి నుంచే. అమోనియా సున్నా, నత్తల లెక్క సరిపోయింది, మూడు రాత్రులూ కొత్త మొహాల్లేవు అంటే రాయి మెయిన్ ట్యాంక్‌లోకి వెళ్ళొచ్చు.

తీసేసినవాటిని ఏం చేయాలి

అడిగితే చాలామంది షాపులవాళ్ళు మాంటిస్‌లని, పీతల్ని తీసుకుంటారు, వాటికోసం వెతికేవాళ్ళు ఉంటారు. ఎవరూ తీసుకోకపోతే మూతున్న డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో ఒక రోజు పెట్టి చెత్తలో వేయండి. కాలవలో, చెరువులో, సముద్రంలో వదలొద్దు, ఆ నీళ్ళు కూడా మురుగు కాలవలో పోయొద్దు. 2000లో శాన్‌డియేగో దగ్గర ఒక లగూన్‌లో అక్వేరియంలలో పెంచే కాలర్పా నాచు పాకిపోయింది, దాన్ని పూర్తిగా తీయడానికి 2006 దాకా పట్టింది.

ఇంత చేసినా గుర్తుపట్టలేకపోతే నాకు ఫోటో పంపండి, తప్పకుండా చూస్తా. కానీ నీలం లైట్ ఆపేసి తెల్ల లైట్‌లో తీయండి, ఫోన్ గాజుకి ఆనించి తీయండి, పక్కన కొలతకి ఒక పెన్నీ నాణెం గాజు మీద పెట్టండి, కాళ్ళో డెక్కలో తలో, ఏదో ఒకటి స్పష్టంగా పడాలి. పగలు కనపడిందా రాత్రా, ఏం తింటుంటే చూశారు, రాయి వచ్చి ఎన్ని రోజులైంది, ఈ మూడూ కింద రాయండి.